తుపాను పటంలో మన వాడ ఎక్కడ?

తుపాను ముప్పును అంచనా వేసేటప్పుడు మూడు విషయాలు చూస్తారు: గాలి, ఉప్పెన, వరద ఎంత తీవ్రంగా రావచ్చు, వాటి దారిలో ఎవరున్నారు, వాళ్లకు తట్టుకునే శక్తి ఎంత. పద్ధతి బాగానే ఉంది. చిక్కల్లా గ్రామాన్నో మండలాన్నో ఒకే ముద్దగా తీసుకోవడంలో ఉంది.

కోస్తాలో చాలాచోట్ల ఊరు మెరక మీద, మన వాడ పల్లంలో, కాలువ గట్టునో మురుగు కోడు పక్కనో ఉంటుంది. ఒకే వాన ఊళ్లో వీధిని తడుపుతుంది, వాడలో పొయ్యిని ఆర్పుతుంది. సగటు తీస్తే రెండూ 'మధ్యస్థ ముప్పు' అయిపోతాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత తీరంలో షెల్టర్లు విరివిగా కట్టారు. షెల్టరు ఎంత దూరమో పటం చెబుతుంది. అది ఎవరి వీధిలో ఉందో, మనల్ని లోపలికి రానిస్తారో లేదో చెప్పదు.

2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు కుల వివక్ష కూడదంటుంది. అది నీళ్లొచ్చాక పనికొచ్చే మాట. ముందే పనికొచ్చేది 31వ సెక్షన్. జిల్లాలో ఏ ప్రాంతాలకు ఏ ముప్పుందో జిల్లా ప్రణాళికలో రాయాలి, దాన్ని సమీక్షించి సవరించాలి. ప్రాంతమంటే గ్రామమేనని ఆ సెక్షన్ అనలేదు.

ఆ ప్రణాళిక కాపీని సమాచార హక్కు కింద అడగండి. అందులో మీ వాడ పేరు వెతకండి. లేకపోతే గత వరదలో నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో, ఎన్ని ఇళ్లు మునిగాయో, ఏ దారి ముందు తెగిందో వాడ పెద్దల్ని అడిగి రాసి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడైన కలెక్టరుకే ఇచ్చి రసీదు తీసుకోండి. తుపానుల కాలం మొదలయ్యేలోపే.