కీ వెనుక ఉన్న పట్టిక

1970ల మధ్యలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో టెకో అనే ఎడిటర్ వాడేవారు. రిచర్డ్ స్టాల్‌మన్ దానికి ఒక కొత్త సౌకర్యం చేర్చారు. ఏ కీ నొక్కితే ఏ పని జరగాలో వాడేవాళ్లే నిర్ణయించుకోవచ్చు. ప్రోగ్రామర్లకు అది తెగ నచ్చింది. ఎవరికి తోచిన ఆదేశాలు వాళ్లు రాసుకుని, తమకు నచ్చిన కీలకు తగిలించుకున్నారు. కొన్నాళ్లకు ఒకరి టెర్మినల్ ముందు ఇంకొకరు కూర్చుంటే ఏ కీ ఏం చేస్తుందో అర్థం కాని స్థితి వచ్చింది.

1976లో గై స్టీల్ ఆ అమరికలన్నీ పోల్చి చూసి, ఉమ్మడి పద్ధతి ఒకటి తయారు చేయడం మొదలుపెట్టారు. స్టాల్‌మన్ దాన్ని పూర్తి చేశారు. అదే ఈమాక్స్. అందరికీ ఒకే అమరిక వచ్చింది గానీ, కావలసినవాళ్లు దాన్ని మార్చుకునే వీలు మాత్రం తీసేయలేదు. ఇది చాలా తెలివైన నిర్ణయం.

ఈ మార్పు ఎలా సాధ్యం? కీబోర్డు ఆదేశాలు పంపదు, ఫలానా కీ నొక్కారన్న సంకేతం మాత్రమే పంపుతుంది. ఆ కీకి ఏ పని అని సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న పట్టికలో వెతుక్కుంటుంది. ఆ పట్టికలో ఒక్క వరస మారిస్తే చాలు, పాత కీ కొత్త పని చేస్తుంది.

1978లో వచ్చిన వర్డ్‌స్టార్ కీల అమరిక చూడముచ్చటగా ఉంటుంది. అప్పటి టెర్మినళ్లలో చాలావాటికి బాణం కీలు లేవు. కంట్రోల్ కీ ‘ఎ’ పక్కనే ఉండేది. చిటికెన వేలు దాని మీద ఉంచి ‘ఇ’ నొక్కితే కర్సర్ పైకి, ‘ఎక్స్’ నొక్కితే కిందికి, ‘ఎస్’ ఎడమకి, ‘డి’ కుడికి వెళ్లేది. ఇంకాస్త అవతల ఉన్న ‘ఎ’, ‘ఎఫ్’ నొక్కితే ఒక్కో మాట చొప్పున దూకేది. వేలు ఎంత దూరం జరిగితే కర్సర్ అంత పెద్ద అంగ వేస్తుందన్నమాట. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ డాస్ కంప్యూటర్ మీద వర్డ్‌స్టార్ 4.0తోనే రాస్తానని 2014లో చెప్పారు. వేళ్లకు పట్టిన అలవాటు అంత బలమైనది.

ఇప్పుడు అందరం వాడే జెడ్, ఎక్స్, సి, వి వరస ఆపిల్ నుంచి వచ్చింది. జెరాక్స్ పరిశోధన కేంద్రంలో టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే ఎడిటర్‌లో కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపమిచ్చిన లారీ టెస్లర్, తర్వాత ఆపిల్‌లో లీసా కంప్యూటర్ మీద పనిచేశారు. కొట్టివేత గుర్తులా ఉంటుందని ఎక్స్‌ను కట్‌కు ఎంచుకున్నారు. పక్కపక్కనే ఉన్న ఆ నాలుగు కీల వరసను విండోస్ కూడా తీసుకుంది.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఆ పట్టికను తెరవాలంటే ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్లి, కింద కీబోర్డ్ షార్ట్‌కట్స్ పక్కనున్న కస్టమైజ్ నొక్కాలి. ఇంకో దగ్గర దారి కూడా ఉంది. కంట్రోల్, ఆల్ట్ నొక్కి పట్టుకుని నంబర్ ప్యాడ్‌లోని ప్లస్ నొక్కితే మౌస్ గుర్తు నాలుగు రేకుల ఆకారంలోకి మారుతుంది. దానితో ఏ బటన్ మీద క్లిక్ చేస్తే ఆ ఆదేశానికి కీ పెట్టుకునే పెట్టె తెరుచుకుంటుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇది నిజంగా అవసరం. ‘ఫేస్‌బుక్’ అని టైపు చేస్తే చాలాసార్లు బ కాస్తా స కింద ఒత్తుగా చేరి ‘ఫేస్బుక్’ అయిపోతుంది. పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. వర్డ్‌లో సింబల్స్ పెట్టె తెరిచి, ప్రత్యేక అక్షరాల జాబితా చూస్తే ‘నో-విడ్త్ ఆప్షనల్ బ్రేక్’ అన్న పేరుతో అది దొరుకుతుంది. అక్కడే షార్ట్‌కట్ కీ బటన్ నొక్కి, చేతికి అందే కీ ఒకటి ఇవ్వొచ్చు. ఇచ్చేముందు ‘కరెంట్లీ అసైన్డ్ టు’ అన్న చోట ఏముందో చూడాలి. ఆ కీకి ముందే వేరే పని ఉంటే అక్కడ కనిపిస్తుంది. కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిసే జోడీలతో ఇంకాస్త జాగ్రత్త అవసరం. భారతీయ ఇంగ్లిష్ లేఅవుట్‌లో వాటికి 4 కలిపితే రూపాయి గుర్తు వస్తుంది.

ఈ మార్పులను వర్డ్ మామూలుగా నార్మల్ అనే టెంప్లేట్ ఫైలులో దాచుకుంటుంది. కంప్యూటర్ మార్చేటప్పుడు ఆ ఫైలును కూడా వెంట తీసుకెళ్లాలి. లిబ్రే ఆఫీస్‌లోనైతే టూల్స్, కస్టమైజ్, కీబోర్డ్‌లోకి వెళ్లి, మొత్తం అమరికను విడి ఫైలుగా సేవ్ చేసి మరో కంప్యూటర్‌లో లోడ్ చేసుకోవచ్చు. బెడిసికొడితే రీసెట్ బటనూ అక్కడే ఉంది.