పాత కారుకు ఇంటి చేతిపని

కొత్త కారు కొన్నవారికి సీట్ల తొడుగులు, కాళ్లక్రింది చాపలు, ఎండతెరలు అన్నియు అంగడిలోనే దొరకును. పాత కారు ఉన్నవారికి ఆ సదుపాయము తక్కువ. అంబాసిడర్ కారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1958లో తయారగుట మొదలై 2014లో నిలిచిపోయినది. ప్రీమియర్ పద్మిని అంతకు చాల ఏండ్ల ముందే నిలిచినది. వాటి కొలతకు సరిపోవు సామగ్రి కావలెనన్నచో విజయవాడ జవహర్ ఆటోనగరులోని పనివారిని ఆశ్రయింపవలెను, లేదా ఇంటనే చేసికొనవలెను.

ఇంట చేసికొనుట కష్టమైన పని కాదు. రవికకు ఆది తీయగల చేయి కారు సీటుకును ఆది తీయగలదు. కావలసిన సరకు కూడ బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో చేతికందు దూరముననే ఉన్నది. నేతగుడ్డ ఉన్నది, తుంగచాప ఉన్నది, కొబ్బరిపీచు ఉన్నది. అయితే ఈ సీమలో పని మొదలుపెట్టుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. మనము పరచునది, కప్పునది నీటిని విడిచిపెట్టునా, లేక తన క్రింద దాచుకొనునా? అందము, మెత్తదనము, ఖరీదు అన్నియు దీని తరువాతివే.

ఈ ప్రశ్నకు ఇంత ప్రాధాన్యము ఎందుకన్నచో కారు నిర్మాణమును కొంచెము చూడవలెను. లారీకి అడుగున బలమైన చట్రము వేరుగా ఉండును. దానిపై పెట్టె కూర్చుండును. అంబాసిడర్‌కు అట్టి వేరు చట్రము లేదు. అడుగు రేకు, ప్రక్క రేకులు, పైకప్పు ఒకదానితో నొకటి అతుకబడి ఏర్పడిన పెట్టెయే దాని బలము. సీట్ల బోల్టులు ఆ అడుగునకే బిగించి ఉండును. పొగగొట్టము ఆ అడుగు క్రిందుగానే వెనుకకు పోవును. కావున అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడినచో కేవలము వాననీరు మాత్రమే లోపలికి రాదు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు కూడ లోపలికి రాగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అద్దములు మూసికొని ప్రయాణము చేయువారికి తలనొప్పి, మత్తు కలిగించి, మితిమీరినచో ప్రాణమే తీయును.

తుప్పు అన్నది ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట పుట్టును. ఆ నీటిలో ఉప్పు ఉన్నచో తుప్పు వేగము హెచ్చును. సముద్రపు ఉప్పులో మనము తిను ఉప్పుతోబాటు మెగ్నీషియం క్లోరైడు కూడ కొంత ఉండును. అది గాలిలోని చెమ్మను పీల్చుకొను గుణము కలది. వానకాలమున వంటింటి ఉప్పుజాడీ నీరు కారుట గృహిణులకు తెలిసిన విషయమే. మంగినపూడి ఇసుకలోనో, హంసలదీవి సాగరసంగమము వద్దనో నడచివచ్చిన కాళ్లతో కారెక్కినచో, ఆ ఉప్పు చాపలోనికి దిగును. ఆ చాప పైకి ఎండినట్లే కనిపించును గాని, రాత్రి తేమగాలి తగులగానే మరల చెమ్మగిల్లును. దాని క్రింది రేకు దినదినమును తడియుచునే ఉండును. పైన మంచి తివాచీ పరచి ఉండుటచేత ఆ సంగతి ఎవరికిని తెలియదు.

కావున మొదట కాళ్లక్రింది చాప సంగతి చూతము. జనపనార గోనె చౌక. కాని అది నీటిని బాగుగ పీల్చును, తొందరగా కుళ్లును. అడుగున రబ్బరు అంటించిన తివాచీ మెత్తగా ఉండును. తనలోని నీటిని మాత్రము పోనీయదు. ఈ రెండింటికంటె కొబ్బరిపీచు చాప మేలు. పీచులో గట్టిదనమునిచ్చు లిగ్నిన్ అను పదార్థము విస్తారముగా ఉన్నది. అందుచేతనే ఉప్పునీటిలో నానినను అది తొందరగా చెడదు. వదులుగా అల్లిన పీచు చాపకు క్రింద గాలి ఆడును, ఇసుక సందులలోనికి జారిపోవును. కారు అడుగు ఆకారమునకు పాత వార్తాపత్రికలు అతికి అచ్చు తీసికొని, దాని ప్రకారము చాపను కత్తిరించి, అంచులు విడిపోకుండ మందపు నూలుపట్టీతో కుట్టవలెను. నెలకొకసారి బయటికి తీసి మంచినీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి వేయవలెను. తీసినపుడు క్రింది రేకును చేతితో తడిమి చూడవలెను. రంగు పొంగినట్లు చేతికి తగిలినచో అక్కడ తుప్పు మొదలైనదని గ్రహించి, గీకించి రంగు వేయింపవలెను.

నడుపువాని కాళ్లవద్ద మరియొక జాగ్రత్త అవసరము. అచ్చట చాప జరిగి బ్రేకు పెడలు క్రిందికి పోయినచో బ్రేకు పూర్తిగా అణగదు. యాక్సిలరేటరుపైకి ఎక్కినచో అది తిరిగి పైకి లేవదు. రెండును ప్రాణాంతకములే. కనుక ఆ వైపు చాప అంచు పెడళ్లకు కనీసము 3 అంగుళముల దూరముననే ఆగవలెను. ఒకదానిపై ఒకటి రెండు చాపలు వేయరాదు. చాప వెనుక అంచుకు రెండు గట్టి నాడాలు కుట్టి సీటు క్రింది ఇనుప చట్రమునకు కట్టవలెను. కదలకుండుటకై రేకునకు మేకులు కొట్టుట, రంధ్రములు వేయుట తగదు. ప్రతి రంధ్రమును తుప్పునకు ఒక ద్వారమే. పని ముగిసిన పిమ్మట బండి నిలిపియుంచి, మూడు పెడళ్లను చివరివరకు త్రొక్కి, అవి అడ్డులేక తిరిగి వచ్చుచున్నవో లేవో చూచుకొనవలెను.

ఇక సీట్ల తొడుగులు. రెక్సిన్ తుడుచుకొనుటకు సులువే గాని చెమటను పీల్చదు. మే నెలలో గుడివాడ నుండి అవనిగడ్డకు పోవునంతలో వీపు తడిసి ముద్దయగును. మన వాతావరణమునకు గట్టి నూలుగుడ్డయే తగినది. కొన్న గుడ్డను కత్తిరించుటకు ముందే ఒక రాత్రి నీటిలో నానవేసి ఉతికి ఆరవేయవలెను. క్రొత్త నూలుగుడ్డ నూటికి 5 పాళ్లు కుదించుకొనెననుకొందము. 50 అంగుళముల గుడ్డ మొదటి ఉతుకుతోనే 47½ అంగుళములగును. ముందుగా తడుపక కుట్టిన తొడుగు రెండవసారి సీటుకు ఎక్కకపోవుటకు ఇదియే కారణము.

ఆది తీయుటకు కూడ వార్తాపత్రికయే చాలును. కూర్చుండు భాగము, దాని ముందు అంచు, వీపు ఆనించు భాగము, దాని వెనుక భాగము, ఈ నాలుగింటికి వేరువేరుగా కాగితపు అచ్చులు తీయవలెను. ప్రతి అచ్చుపైన నడిగీత గీచి, సీటు నడిమికి సరిపుచ్చినచో తొడుగు ఒక ప్రక్కకు లాగదు. కుట్టు కొరకు అన్ని వైపుల అర అంగుళము అదనముగా విడువవలెను. పాత సీట్లలో కూర్చుండు చోట గుంట పడియుండును. ఆ గుంటకు కొలత తీయక, గుంటను సరిచేసిన తరువాత కొలువవలెను. అట్లని ఎక్కువ దూది కూరినచో నడుపువాడు ఎత్తునకు పోవును. చూపు, పెడళ్లకు కాలు అందు దూరము రెండును మారిపోవును.

నున్నని రెక్సిన్ మీద గుడ్డ జారుచుండును. దానికి ఒక ఉపాయము కలదు. కూర్చుండు భాగపు వెనుక అంచును గొట్టమువలె మడిచి కుట్టి, అందులో నున్నగా చెక్కిన వెదురుబద్దను దూర్చవలెను. ఆ బద్దను సీటుకును వీపునకును మధ్యగల సందులోనుండి వెనుకకు నెట్టినచో అది అడ్డుపడి గుడ్డను పట్టియుంచును. ముందు అంచును నాడాలతో సీటు క్రింద ముడివేసిన చాలును. ఎలాస్టిక్కు వేయుట తేలిక. కాని దానిలోని రబ్బరు మన వేడికి కొద్దికాలములోనే బిగి కోల్పోవును. తొడుగు క్రింద ప్లాస్టిక్కు కాగితము వేయుట పలువురి అలవాటు. సీటు మాయకుండుననుకొందురు. కాని చెమట ఆవిరి దాని క్రింద చిక్కుకొని సీటులోని స్ప్రింగులను తుప్పు పట్టించును.

బందరు పేరు చెప్పగానే కలంకారీ గుర్తుకు వచ్చును. 17వ శతాబ్దమున ఈ రేవునుండి పర్షియాకు వెళ్లిన అద్దకపు గుడ్డల సంప్రదాయము బందరుకు చేరువనున్న పెడనలో నేటికిని నిలిచియున్నది. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెట్టి, బెల్లపు నీటిలో ఇనుపముక్కలు నిలువవేసి తీసిన ద్రవముతో నల్లని గీతలను చెక్క అచ్చులతో అద్దుదురు. పటిక అద్దినచోట ఎరుపు పట్టును. ఆ ఎరుపునకు పూర్వము చిరివేరు వాడెడివారు. అట్టి గుడ్డతో కారు లోపల ఏదైన చేసికొనవలెనని ఎవరికి ఉండదు? చేసికొనవచ్చును, తగిన చోట మాత్రమే. చెట్ల రంగులు ఎడతెగని ఎండకు వెలియును. ఇనుముతో చేసిన నలుపు ఏండ్లు గడచినకొలది నూలును బలహీనపరచును. కావున రాపిడి హెచ్చుగానుండు కూర్చుండు భాగమునకు సాదా నేతగుడ్డ వేసి, కలంకారీని వీపు వెనుక వ్రేలాడు సంచికి, తలుపు సంచులకు, దిండు గలీబులకు వినియోగింపవలెను. సబ్బు పొడి బదులు కుంకుడురసముతో నీడలో ఆరవేసినచో రంగు ఎక్కువకాలము నిలుచును.

స్టీరింగు ముందున్న డాష్‌బోర్డుపై తెల్లని గుడ్డ గాని, మెరయు గుడ్డ గాని పరువరాదు. దాని నీడ ముందు అద్దములో ప్రతిఫలించి దారిని కప్పును. దేవుని ప్రతిమ ఉంచుకొనువారు దానిని కదలకుండ బిగింపవలెను. గాజు పటములు పనికిరావు. దిష్టి నిమ్మకాయలను, మిరపకాయలను ముందు బంపరుకు కట్టుకొనవచ్చును గాని లోపలి అద్దమునకు వ్రేలాడదీయరాదు. ఊగు వస్తువు చూపును లాగును.

ఎండతెరకు మన తుంగచాపను మించినది లేదు. ముందు అద్దపు ఆకారమునకు పలుచని చాపను కత్తిరించి, ఎండవైపునకు తెల్లగుడ్డ కుట్టి, బండి నిలిపినపుడు లోపలినుండి ఆనించినచో చాలవరకు ఎండ అద్దమునుండియే తిరిగిపోవును. ప్రయాణమున చుట్టచుట్టి వెనుక ఉంచవచ్చును. అయితే బండి నడచునపుడు అద్దములకు ఏ తెరయు ఉండరాదు. ముందు, వెనుక అద్దములగుండ నూటికి 70 పాళ్లు, ప్రక్క అద్దములగుండ 50 పాళ్లు వెలుతురు ప్రసరింపవలెనని మోటారు వాహనముల నియమావళి చెప్పుచున్నది.

చిన్న విద్యుత్ పంకా పెట్టుకొనువారికి ఒక మాట. 12 వోల్టుల బ్యాటరీపై 12 వాట్ల పంకా 1 ఆంపియరు విద్యుత్తును తీసికొనును. దానికి 2 ఆంపియర్ల ఫ్యూజు వేరుగా, బ్యాటరీకి దగ్గరగా వేయవలెను. తీగ రేకులోని రంధ్రముగుండ పోవుచోట, రంధ్రపు అంచు తీగపై పొరను కోయకుండ రబ్బరు తొడుగు ఉండవలెను. గుడ్డ, పీచు, దూది నిండిన చోట ఒక్క నిప్పురవ్వ ఎంత పని చేయునో వేరుగ చెప్పనక్కరలేదు. విద్యుత్ పని తెలియనివారు దీనిని మాత్రము పనివానికే విడుచుట మంచిది.

ఈ చెప్పిన వాటన్నిటిని ఒక్క సూత్రముగా చేసికొనవచ్చును. కారు లోపల మనము చేర్చు ప్రతి వస్తువును పనిముట్టు లేక చేతితోనే తీయగలుగవలెను, ఉతుకగలుగవలెను, ఆరవేయగలుగవలెను. జిగురుతో అంటించినది, మేకుతో దిగగొట్టినది ఎంత అందముగానున్నను అది కారును మననుండి దాచును. 15 ఏండ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించునపుడు అధికారి తనిఖీ చేయును. కాని ఆ తనిఖీ ఏండ్లకొకసారి వచ్చునది. ఉప్పుగాలి మాత్రము ప్రతి రాత్రియు వచ్చును. చాప ఎత్తి చూచుటకు ఐదు నిమిషములు చాలును. ఆ ఐదు నిమిషములు నెలనెలయు కేటాయించు ఇంటిలో పాత కారు ఇంకను చాలకాలము క్షేమముగా నడచును.