వార్తల్లో పదం: కాగ్నిటివ్ డిస్టార్షన్

ఉన్నదాన్ని ఉన్నట్టు కాక వంకరగా చూపే ఆలోచనా ధోరణి ఇది. కుంగుబాటుతో చికిత్సకు వచ్చినవారిలో దీన్ని 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ గుర్తించారు. ఇంటర్ ఫలితాలప్పుడు ఇది మరీ ప్రమాదకరం.

మడికొండలో ఓ విద్యార్థి లెక్కల్లో తప్పాడనుకుందాం. 'నా బతుకే అయిపోయింది' అనుకుంటే గోరంతను కొండంత చేయడం. 'నేనెందుకూ పనికిరాను' అంటే తనపై తానే ముద్ర వేసుకోవడం. 'అందరూ నవ్వుతున్నారు' అంటే ఎదుటివారి మనసును ఊహించేయడం.

ఆ ఆలోచనను కాగితంపై రాసి, రుజువేమిటని అడగాలి. తప్పింది ఒక్క సబ్జెక్టే, సప్లిమెంటరీ ఉంది. మార్కుల మెమో కూడా పొరబడుతుంది: 2019లో తెలంగాణ ఇంటర్‌లో ఒక విద్యార్థినికి 99కి బదులు 0 వేసి, తర్వాత సరిదిద్దారు.

దిగులు వీడకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి. పెద్దలూ, మార్కులకన్నా ముందు పిల్లల మనసు ఎలా ఉందో అడగండి.