దళం నుంచి ఓటు పెట్టె దాకా: వరంగల్, 1952

1952లో వరంగల్ లోక్‌సభ స్థానంలో తలపడ్డ ప్రధాన అభ్యర్థులిద్దరూ నిజాం పాలన మీద కొట్లాడినవాళ్లే. ఒకరు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న కమ్యూనిస్టు, చిన్న పెండ్యాలకు చెందిన పెండ్యాల రాఘవరావు. రెండోవారు నిజాం జైలు చూసొచ్చిన కవి కాళోజీ నారాయణరావు. రాఘవరావు గెలిచారు. కొద్ది నెలల ముందు దాకా అడవుల్లో తిరిగిన కమ్యూనిస్టు పార్టీ అంత త్వరగా ఎన్నికల్లోకి ఎట్లా వచ్చింది?

1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్యతో నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం ఆగలేదు. దొరల నుంచి తీసుకుని పంచుకున్న భూములు మళ్లీ వాళ్ల చేతికి పోతాయన్న భయంతో దళాలు ఈసారి భారత సైన్యాన్నే ఎదుర్కొన్నాయి. చివరికి 1951 అక్టోబరు 21న పార్టీ పోరాటాన్ని విరమించింది. హైదరాబాద్ రాష్ట్రంలో దానిపై నిషేధం ఉంది కాబట్టి, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) అనే వేదిక పేరుతో బరిలోకి దిగింది.

అప్పటి ఓటింగ్ పద్ధతి చదువురాని వారికి తేలిక. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. చీటీ మీద ముద్ర వేసే పనే లేదు. తెర చాటుకు వెళ్లి, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. ఏ పెట్టెలో వేశాడో దొరకు కనబడదు. వెట్టి చేసిన మనిషికీ ఒక ఓటే, దొరకూ ఒక ఓటే. పోరాటకాలంలో ఊరూరా పనిచేసిన సంఘాల పరిచయాలు ప్రచారానికి అక్కరకొచ్చాయి.

రాఘవరావు హన్మకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాల్లోనూ గెలిచారు. రెండు సభల్లోనూ ఒకరే కూర్చోవడం కుదరదు కనుక లోక్‌సభను ఎంచుకున్నారు. నల్గొండలో పీడీఎఫ్ అభ్యర్థి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయని ఇప్పటికీ చెప్పుకుంటాం. నిజమే. అయితే నల్గొండ ద్విసభ్య నియోజకవర్గం (ఇద్దరిని ఎన్నుకునే స్థానం), ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. నెహ్రూ నిలబడ్డదీ అలాంటి స్థానమే కాబట్టి ఆ పోలిక చెల్లుతుంది. ఒకరినే ఎన్నుకునే స్థానాలతో పోలిస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

మరి అధికారం ఎందుకు రాలేదు? శాసనసభలో 175 స్థానాలు. పీడీఎఫ్‌కు 42, కాంగ్రెస్‌కు 93. పీడీఎఫ్ బలం ప్రధానంగా తెలంగాణ జిల్లాల్లోనే. అప్పటి రాష్ట్రంలో మరాఠీ, కన్నడ జిల్లాలూ కలిసి ఉన్నాయి. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పైన రాజప్రముఖ్ (గవర్నర్‌తో సమానమైన పదవి) ఎవరనుకున్నారు? నిజామే! ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. 1956 దాకా ఆ కుర్చీలో ఉన్నారు.

అమెరికాలో గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. అక్కడ అంతర్యుద్ధం ముగిసిన పదకొండేళ్లకు, 1876లో, దక్షిణ కరోలినా గవర్నర్ పదవికి చెరో వైపు పోరాడిన వేడ్ హాంప్టన్, డేనియల్ చేంబర్లిన్ పోటీపడ్డారు. గెలిచింది నేనంటే నేనని ఇద్దరూ నెలల తరబడి రెండు ప్రభుత్వాలు నడిపారు. హైదరాబాద్‌లో ఆ గతి పట్టలేదు. నిన్నటిదాకా తుపాకీ పట్టిన పార్టీవాళ్లు ఫలితాన్ని ఒప్పుకొని ప్రతిపక్షంలో కూర్చున్నారు. భూమి గొడవ సభలోకి చేరింది. 1950 నాటి కౌలుదారీ చట్టానికి 1954లో జరిగిన సవరణతో భూపరిమితి నిబంధన వచ్చింది. ఊళ్లలో దాని అమలు మాత్రం నత్తనడకే.