ఫోన్‌లో ఆవు కాదు.. పాకలో ఆవు!

ఫోన్‌ తెర మీద సింహాన్ని టక్కున గుర్తుపట్టే రెండేళ్ల బుడతలు, ఎదురుగా గేదె కనిపిస్తే బెంబేలెత్తిపోతుంటారు. బొమ్మల్లో ఏనుగూ కోడీ ఒకే సైజు. వాటికి వాసన ఉండదు, వేడి ఊపిరి ఉండదు. సెలవు రోజున మొయినాబాద్‌, చేవెళ్ల వైపు ఒక పూట వెళ్లొస్తే చాలు, ఈ లోటు చాలావరకు తీరుతుంది. కాకపోతే కొన్ని జాగ్రత్తలు తప్పవు.

ఎక్కడ చూపించాలి?

దూరం వెళ్లక్కర్లేదు. ఈ రెండు మండలాల్లోని ఊళ్లలో బంధువులో, తెలిసినవారో ఉంటే వారి పశువుల పాకే పసివారికి మొదటి బడి. మొయినాబాద్‌ మండలం చిలుకూరులో మృగవని జాతీయవనం ఉంది. చుక్కల జింకలు, నెమళ్లు అక్కడ స్వేచ్ఛగా తిరుగుతాయి. పెద్ద జంతువులను చూపించాలంటే హైదరాబాద్‌లోని నెహ్రూ జూ పార్కు ఉండనే ఉంది. 1963లో మొదలైన ఈ జూకు సోమవారం సెలవు.

మీ మాటే పాఠం

రెండేళ్లలోపు పిల్లలు వీడియో కన్నా ఎదుటి మనిషి నుంచే బాగా నేర్చుకుంటారు. రెండేళ్లు నిండనివారికి అసలు తెర వద్దని, 2-4 ఏళ్లవారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది.

పాప చూపు ఎటు ఉంటే మీ మాటా అటే వెళ్లాలి. తను మేకను చూస్తుంటే ‘అదిగో నెమలి’ అనకండి. ‘మేక ఆకు తింటోంది’ అనండి. కాసేపు ఆగండి. తను ‘మే..’ అంటే మీరూ అనండి. ఒక పూటకు మూడు, నాలుగు జంతువులు చాలు. భయపడితే బలవంతంగా ముట్టించొద్దు. ఎత్తుకుని దూరం నుంచే చూపించండి.

చేతులు కడిగాకే తిండి

ఆరోగ్యంగా కనిపించే పశువుల పేడలోనూ ఈ-కొలి, సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములు ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇవి తీవ్ర విరేచనాలకు దారితీయొచ్చు. కొన్నిరకాల ఈ-కొలితో కిడ్నీలూ దెబ్బతినొచ్చు.

* పాక దగ్గర తినిపించటం, పాలసీసా, పాలపీక ఇవ్వటం వద్దు.
* బయటకు రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. పిల్లలవే కాదు, మీవీ. కొన్ని క్రిములు శానిటైజర్‌కు లొంగవు.
* కోడిపిల్లలు, బాతుపిల్లలు ముద్దొస్తాయి గానీ ఐదేళ్లలోపు వారి చేతికి ఇవ్వొద్దు. చూపిస్తే చాలు.
* గుమ్మపాలు బలమని పెద్దలు పట్టించబోతే సున్నితంగా వారించండి. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్‌, క్షయ వంటివి రావొచ్చు. మరిగించాకే తాగించాలి.

గీరినా వదిలేయొద్దు

కుక్క, పిల్లి, కోతి కరిస్తే పిల్లలు ఏడుస్తారు కాబట్టి తెలుస్తుంది. చిన్నగా గీరితే మాటలు రాని పసివారు చెప్పలేరు. అందుకే ఇంటికొచ్చాక స్నానం చేయిస్తూ ముఖం, మెడ, చేతులు, కాళ్లు ఒకసారి పరిశీలించండి. కాటు గానీ, గీరు గానీ కనిపిస్తే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీకా చాలా, ఇమ్యునోగ్లోబులిన్‌ కూడా కావాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. రేబిస్‌ లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కటం దాదాపు అసాధ్యం. సకాలంలో టీకాలన్నీ వేయిస్తే దాన్ని నివారించుకోవచ్చు.

మర్నాడూ కొనసాగించండి

ఒక్కసారి చూస్తే సరిపోదు. మర్నాడు ‘మేక ఏం తింది?’ అని అడగండి. బాల్కనీలో వాలే పావురం, వీధిలో వెళ్లే ఆవు, చెట్టు మీది ఉడుత.. ఏది కనిపించినా పేరు చెప్పండి. టికెట్‌ అక్కర్లేని పాఠాలివి. పక్కన మీరుంటే చాలు.