సూక్ష్మ క్రస్టేషియన్ జీవుల గుర్తింపునకు ఆకారం, జన్యువు రెండూ ఆధారాలే

చెరువులు, కుంటలు, బావుల నీటిలో రొయ్యకు, పీతకు దగ్గరి బంధువులైన సూక్ష్మ క్రస్టేషియన్ జీవులు అసంఖ్యాకంగా నివసిస్తున్నాయి. నీటిలోని నాచును తిని, చేపపిల్లలకు ఆహారమై జలాశయాల జీవవ్యవస్థకు ఇవి ఆధారంగా నిలుస్తున్నాయి. వీటిని జాతుల వారీగా సరిగా గుర్తించడం శాస్త్ర పరిశోధనకే కాక ప్రజారోగ్యానికి, నీటి నాణ్యత పరిరక్షణకు కూడా అవసరం.

నారికురుపు వ్యాధి ఇందుకు చక్కని ఉదాహరణ. ఈ వ్యాధిని కలిగించే పురుగు పిల్లదశలు తాగునీటిలోని సైక్లాప్స్ అనే జీవుల ద్వారానే మనిషి శరీరంలోకి చేరేవి. ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలను పీడించిన ఈ వ్యాధి, నీటిని వడగట్టి తాగడం, దిగుడు బావులను చేదబావులుగా మార్చడం, సైక్లాప్స్‌ను టెమీఫాస్ మందుతో నిర్మూలించడం వంటి చర్యలతో అంతరించింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశాన్ని నారికురుపు రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

బాహ్య లక్షణాలు

గుర్తింపులో తొలిమెట్టు సూక్ష్మదర్శిని. డాఫ్నియా వర్గపు జీవుల దేహం పారదర్శకమైన కవచంలో ఉండి, తల మాత్రం వెలుపల కనిపిస్తుంది. ఆస్ట్రకాడ్‌లు రెండు చిప్పల నడుమ పూర్తిగా ఇమిడి విత్తనాల వలె ఉంటాయి. కోపిపాడ్‌లకు తోక చివర రెండు శాఖలు ఉంటాయి. వీటిలో సైక్లాప్స్ ఆడజీవి దేహానికి ఇరువైపులా రెండు గుడ్ల సంచులను మోస్తుంది. జాతిని నిర్ధారించడానికి మాత్రం జీవిని సన్నని సూదులతో విడదీసి, ఐదవ జత కాళ్ల నిర్మాణాన్ని, వాటిపై గల ముళ్లను పరిశీలించవలసి ఉంటుంది.

జన్యు పరీక్ష

అయితే ఆకారం ఒక్కొక్కసారి తప్పుదారి పట్టిస్తుంది. శత్రుజీవులు ఉన్న నీటిలో కొన్ని డాఫ్నియాల తలపై శిరస్త్రాణం వంటి భాగం లేదా ముళ్లు పెరుగుతాయి. ఫలితంగా ఒకే జాతి రెండుగా కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా, ఉత్తర అమెరికాలో నీటి విషప్రభావ పరీక్షలకు వాడే హయలెల్లా అజ్టెకా ఒకే జాతి కాదనీ, చూపులకు ఒకేలా ఉండే పలు జాతుల సముదాయమనీ జన్యు విశ్లేషణలో వెల్లడైంది. పరీక్షకు వాడినది ఏ జాతియో తెలియనిదే ఫలితాలను పోల్చడం కష్టం.

2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్ విధానంలో, సి.ఓ.ఐ. అనే జన్యువులోని సుమారు 650 అక్షరాల భాగాన్ని చదివి, ఇదివరకే నమోదైన క్రమాలతో పోల్చుతారు. ఈ జన్యువు తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది. కనుక సంకర జీవులను గుర్తించడానికి కేంద్రకంలోని జన్యువులను కూడా పరిశీలించాలి. పోల్చవలసిన నమూనాకు మొదట పేరు సరిగా పెట్టి ఉండకపోతే జన్యుక్రమం కూడా తప్పు పేరునే చూపుతుంది. అందువల్ల ఈ రెండు పద్ధతులు పరస్పర పూరకాలు.

భూగర్భ జలాలలో

కృష్ణా, గోదావరి పరీవాహక ప్రాంతాల ఇసుక మేటలలోను, భూగర్భ జలాలలోను నివసించే కళ్లులేని సూక్ష్మ క్రస్టేషియన్‌లను ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య వై.రంగారెడ్డి విస్తృతంగా అధ్యయనం చేసి పలు కొత్త జాతులను వర్ణించారు. వీటిలోని హాబ్రోబాథినెల్లా ప్రజాతి మడగాస్కర్‌లోనూ ఉండటం గమనార్హం. ఈ రెండు భూభాగాలు ఒకప్పుడు గోండ్వానా మహాఖండంలో కలిసి ఉండేవి. పరిమిత ప్రాంతాలలోనే జీవించే ఇటువంటి జాతులు ఇసుక తవ్వకాల వల్ల, భూగర్భ జలాలను మితిమీరి తోడటం వల్ల పేరు పెట్టకముందే కనుమరుగయ్యే ప్రమాదం ఉన్నది.

నమూనాలు సేకరించే విద్యార్థులు, పరిశోధకులు వాటిని ఫార్మలిన్‌లో కాక గాఢ ఇథనాల్‌లో భద్రపరచడం మంచిది. ఫార్మలిన్ డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది. సేకరించిన స్థలం, తేదీ వివరాలను సీసాతో పాటు ఉంచాలి. ఒక జీవి నుండి డి.ఎన్.ఎ. తీసిన తరువాత కూడా దాని దేహభాగాలను స్లైడుపై పదిలపరిస్తే, భవిష్యత్తులో ఆ గుర్తింపును ఎవరైనా తిరిగి సరిచూసుకోవడానికి వీలు కలుగుతుంది.