మెలికలో దాగిన వింత

ఈద్ సాయంత్రం మదనపల్లెలోని నానీ ఇంటికి పుంగనూరు, కుప్పం నుండి పిల్లలందరూ చేరినప్పుడు వారికి మొబైళ్ళు అప్పగించి కూర్చోబెట్టనవసరం లేదు. పాత దినపత్రిక, కత్తెర, కాస్త జిగురు చాలును.

రెండంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు గల పట్టీలు కొన్ని సిద్ధం చేసుకోండి. ఒక పట్టీ కొసను అరచుట్టు మెలిపెట్టి రెండవ కొసకు అంటించండి. ఈ వలయాన్ని నడిమధ్యగా చుట్టూ కత్తిరిస్తే ఏమవుతుందని అడగండి. రెండు వలయాలు వస్తాయని పిల్లలే కాదు, పెద్దలూ ఘంటాపథంగా చెబుతారు. వచ్చేది ఒక్కటే, రెట్టింపు పొడవుతో!

అటువంటిదే మరొక వలయాన్ని అంచు నుండి మూడవ వంతు దూరంలో కత్తిరించండి. కత్తెర రెండు చుట్లు తిరిగిన తరువాతే బయలుదేరిన చోటికి వస్తుంది. ఈసారి చిన్నదొకటి, దానికి రెట్టింపుదొకటి, గొలుసులా ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి.

గారడీవారు 'అఫ్ఘాన్ పట్టీలు' అనే పేరుతో దీనిని ప్రదర్శిస్తారు, రహస్యం చెప్పరు. ఇంటిలో మాత్రం దాచరాదని మేమంటాము. చేతివాటాన్ని మహిమగా నమ్మే అలవాటు పసితనంలోనే పోవాలి. "ఇది మంత్రమా మామూ?" అని అడిగే చిన్నవాడికి కోయని వలయమిచ్చి, అంచు వెంబడి వేలు నడపమనండి. వేలు ఎక్కడా ఎత్తకుండానే అంచంతా తిరిగి వస్తుంది. మామూలు వలయానికి అంచులు రెండు. కోస్తే ఒక్కొక్క ముక్క ఒక్కొక్క అంచుతో వేరవుతుంది. దీనికున్నది ఒకే అంచు. అది కోతకు ఇరువైపులా ఉండి ముక్కలను విడిపోనివ్వదు. 1858లో జర్మన్ గణితవేత్తలు మొబియస్, లిస్టింగ్ ఎవరికి వారుగా ఈ వలయాన్ని కనుగొన్నారు.

అరచుట్టుకు బదులు నిండుచుట్టు మెలిపెట్టి నడిమధ్యన కోస్తే ఏమవుతుందో మేము చెప్పము. కత్తెర పిల్లలకే ఇవ్వండి, మొన మొద్దుగా ఉన్నది చూసి.